మా షెడ్డులో తయారైన ఎగిరే పళ్ళెం

నా చేతుల మీదుగా బయటికి వెళ్ళిన వస్తువుల్లో ఎక్కువ భాగం నీళ్ళ ట్యాంకులు, స్నానాల గది తలుపులు, పార్కుల్లో పిల్లలు జారే జారుడుబల్లలు. ఒక్కటి మాత్రం కొన్నాళ్ళపాటు వేరే గ్రహం నుంచి వచ్చింది.

కండ్లకోయ దగ్గర కాలేజీ బస్సు కోసం నిలబడే పిల్లలు ఆ ఎగిరే పళ్ళెం వీడియోను ఇంకా ఫోన్లలో చూస్తుంటారు. పక్కనే నిలబడి నేనూ ఒకసారి చూశాను. అందులో రెసిన్ డ్రమ్ము మీద నిలబడి చెయ్యి ఊపుతూ మాట్లాడే పెద్దమనిషిని నేనే. ఆ పిల్లల్లో ఎవరూ నన్ను గుర్తుపట్టలేదు. అందుకే, పని మానేసి తీరిక దొరికింది కాబట్టి, వీడియోలో లేని భాగాన్ని రాస్తున్నాను.

నాది ఫైబర్ పని. అచ్చుకు మైనం రుద్ది, దాని మీద గాజు పోగుల మ్యాట్ పరిచి, రెసిన్ అనే చిక్కటి జిగురుతో తడిపి, లోపల గాలి మిగలకుండా బ్రష్‌తో అదిమి, గట్టిపడ్డాక అచ్చు నుంచి విడదీయాలి. చెప్పడానికి ఇంతే. నేర్చుకోవడానికి నాకు గాజులరామారంలో అద్దె గదిలో ఉండి జీడిమెట్ల షెడ్లలో తిరిగిన వయసంతా పట్టింది. పదో తరగతితో బడి ఆగిపోయింది కానీ చదువు ఆగలేదు. ఆదివారం వచ్చిందంటే గ్రంథాలయంలో ఉండేవాణ్ణి. నక్షత్రాలు, సముద్రాలు, పురుగులు, ఏది దొరికితే అది చదివాను. ఎగిరే పళ్ళేల పుస్తకాలు మాత్రం వెతుక్కుని చదివాను. ఎక్కడో ఎడారిలో పళ్ళెం కూలిందట, సర్కారు దాన్ని షెడ్డులో దాచి, పుర్జాలు విప్పి చూసి, అదే పద్ధతిలో సొంతంగా వాహనాలు తయారు చేస్తోందట. ఇలాంటివి చదివిన రోజు రాత్రి అన్నం కూడా సరిగ్గా సహించేది కాదు. నిజమైతే బాగుండునని లోపల ఉండేది. ఇప్పటికీ ఉంది.

నేను చివరగా పనిచేసిన షెడ్డు మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే రోడ్డు పక్కన ఉండేది. యజమాని గోదావరి జిల్లా మనిషి, ఉద్యోగం వదులుకొని వ్యాపారంలోకి దిగాడు. మర్యాదస్తుడు. అందరినీ ‘అండీ’ అనేవాడు, అచ్చును కూడా అంటాడేమోనని మేము నవ్వుకునేవాళ్ళం. మెషీన్ల మీద చేసిన ప్లాస్టిక్ ట్యాంకులు వచ్చాక మా ట్యాంకులు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. సరిగ్గా ఆ సమయంలో ఒక పని వచ్చింది. శామీర్‌పేట అవతల ఉన్న ఆడపిల్లల సర్కారు హాస్టల్లో గోబర్ గ్యాస్ పెడుతున్నారు. దాని పేడ గుంత మీద బోర్లించే పెద్ద మూత మేము చేయాలి. కింద గ్యాస్ పుట్టేకొద్దీ ఆ మూత తేలుతూ పైకి లేస్తుంది.

యజమాని సార్ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి దాపరికం లేకుండా చెప్పాడు. “చూడండీ, ఇది బాగా పనిచేస్తే మిగతా హాస్టళ్ళవి కూడా మనకే ఇస్తామన్నారు. పనిచెయ్యకపోతే మాత్రం ఈ షెడ్డు నడపడం నావల్ల కాదు. మీరంతా వేరే చోటు చూసుకోవాల్సి ఉంటుంది.”

ఇప్పుడు మా మేస్త్రీ గురించి చెప్పాలి. అచ్చు పనిలో ఆయనకు సాటి వచ్చేవాళ్ళను నేను చూడలేదు. ఆయనకు ఒక పట్టింపు ఉండేది. అచ్చులో సరుకు ఉండగా బయటివాళ్ళ కన్ను పడకూడదు, పడితే పగులుతుంది. చుట్టూ పరదా కట్టించేవాడు. ఏం చేస్తున్నారని ఎవరడిగినా చెప్పనిచ్చేవాడు కాదు. పొరపాటున ఎవరైనా చూసేస్తే వాళ్ళ చేతికి బ్రష్ ఇచ్చి ఒక్కసారైనా రెసిన్ పూయించేవాడు. “సూసిన కన్ను సల్లబడాల్నంటే చెయ్యి పెట్టాలె” అనేవాడు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయన ఒకసారి అలా దొరికిపోయి, చొక్కా మీద రెసిన్ మరకతో తిట్టుకుంటూ వెళ్ళాడు.

మూత పెద్దది. వెడల్పాటి గిన్నెను బోర్లించినట్టు ఉంటుంది, చుట్టూ అంచు. పరదాలు కట్టి మొదలుపెట్టాం. దారినపోయేవాళ్ళు మా వాచ్‌మన్‌ను అడిగేవాళ్ళు, ఏం చేస్తున్నారని. ఆయన మీసం దువ్వుకొని, “సర్కారుది. చెప్పొద్దన్నరు” అనేవాడు. రెండు మాటలూ నిజమే.

అచ్చు నుంచి విడదీశాక దీపం పరీక్ష ఉంటుంది. రంగు పూత వేయకముందు ఫైబర్‌లోంచి వెలుతురు పారుతుంది. లోపల పెద్ద బల్బులు పెట్టి చూస్తే గాలి బుడగలు మిగిలిన చోట మచ్చలు కనబడతాయి. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి అతుకు వేస్తాం, లేకపోతే గ్యాస్ కారిపోతుంది. మచ్చలు బాగా తెలియాలంటే మసక వెలుతురు కావాలి. అందుకని పొద్దుగూకే వేళకు మూతను ఆవరణలోకి తెచ్చి, దిమ్మెల మీద ఎత్తి పెట్టి, లోపల బల్బులు వేశాం. అంత పెద్ద వస్తువుకు సరిపడా పరదా మా దగ్గర లేదు. గోడ మీదుగా సగం పైకి కనబడుతోంది. పసుపు, ఆకుపచ్చ కలిసిన వెలుగు. నేను లోపల పాకుతూ గుర్తులు పెడుతున్నాను. బయటి నుంచి చూసేవాళ్ళకు అందులో ఒక నీడ కదులుతున్నట్టు కనబడి ఉంటుంది.

మరునాడు అల్వాల్‌లో ఉండే మా బావమరిది ఫోన్లో ఒక వీడియో పంపాడు. ‘శామీర్‌పేట రోడ్డులో సర్కారు రహస్య వాహనం, గ్రహాంతరవాసుల టెక్నాలజీ’ అని దాని పేరు. చీకట్లో మెరిసే పళ్ళెం, లోపల కదిలే ప్రాణి. నిజం చెబుతున్నాను, నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళు చదివినది మా రోడ్డు మీదికే వచ్చిందనుకున్నాను. రెండోసారి చూసినప్పుడు గేటు పక్కన మా వాచ్‌మన్ ఎర్ర కుర్చీ కనబడింది. ఆ ప్రాణిని నేనే.

మధ్యాహ్నానికి గేటు ముందు జనం. అందరికంటే ముందు ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు. ఆయన బిడ్డ ఆ హాస్టల్లోనే తొమ్మిదో తరగతి చదువుతోంది. మనిషి కోపంగా ఉన్నా, ఆ కోపం కింద భయం ఉంది.

“అమెరికోళ్ళు మన సర్కారుకు ఇచ్చిండ్రంట గదా. దాన్ని నడిపి సూస్తానికి మా పిల్లల హాస్టలే దొరికిందా?” అన్నాడు.

“అది గోబర్ గ్యాస్ మూతనే తమ్మీ” అన్నాను.

“పేడ మీద కప్పే మూతకు పరదాలెందుకే? ఎవ్వరికీ చెప్పొద్దని మీ వాచ్‌మన్ ఎందుకన్నడు?”

మా మేస్త్రీ ముందుకొచ్చి అసలు కారణం చెప్పాడు. “దిష్టి తగుల్తదని.”

జనం ఘొల్లున నవ్వారు. “సర్కారు మిషనుకు దిష్టేందయ్యా, జర నమ్మేటట్టు చెప్పు” అని వెనక నుంచి ఎవరో అన్నారు. మా దగ్గరున్న నిజం కంటే వాళ్ళ దగ్గరున్న కథే నమ్మేలా ఉందని నాకు అప్పుడు తెలిసింది.

అక్కడితో ఊరుకుంటే పోయేది. కానీ నేను చదివినవాణ్ణి కదా. రెసిన్ డ్రమ్ము ఎక్కి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇలాంటి మాటలు ఎప్పటి నుంచి ఉన్నాయో, ఎవరెవరు ఏమన్నారో చెప్పి, “పెద్ద పెద్ద ఆఫీసర్లే ప్రమాణం చేసి చెప్పిండ్రు, అమెరికా సర్కారు దగ్గర ఉన్నయని. కూలిన పళ్ళెం పుర్జాలు విప్పి సూసి కొత్తయి తయారు చేసిండ్రని” అన్నాను. ఆ తర్వాత, “కానీ ఒక్కటంటే ఒక్కటి బయటపెట్టి సూపియ్యలే, అందుకే నమ్మొద్దు” అని కూడా అన్నాను. సాయంత్రం వచ్చిన కొత్త వీడియోలో ‘కానీ’ దగ్గర నుంచి ఏమీ లేదు. పైన పెద్ద అక్షరాలతో ‘షెడ్డులో పనిచేసే పెద్దమనిషే ఒప్పుకున్నాడు’ అని ఉంది.

మరునాడు మేస్త్రీ నన్ను చూడగానే దండం పెట్టాడు. “పుస్తకాల పటేలా, పరదా నేను కట్టిన. నువ్వు దానికి జెండా గూడ కట్టినవ్.”

హాస్టల్ వార్డెన్ మేడమ్ సార్‌కు ఫోన్ చేసింది. కొందరు తల్లిదండ్రులు పిల్లలను ఇళ్ళకు తీసుకుపోతామని గేటు దగ్గర కూర్చున్నారట. పని అప్పగించిన ఆఫీసరు కూడా ఒకే మాట చెప్పాడు. ఊరివాళ్ళు ఒప్పుకుంటేనే మూత దించండి, గొడవ జరిగితే పని రద్దు. సార్ ఫోన్ పెట్టేసి చాలాసేపు మూత చుట్టూ తిరిగాడు. బుడగల అతుకులన్నీ అయిపోయి, రంగు పూత ఒక్కటే మిగిలి ఉంది.

“ఇంత బాగా కుదిరిన పీసు ఈ మధ్యకాలంలో మనం చెయ్యలేదండీ” అన్నాడు. ఆ గొంతు వింటే చచ్చినవాళ్ళ గురించి మాట్లాడుతున్నట్టు ఉంది.

నేను గోడకానుకుని ఆలోచిస్తున్నాను. చదివిన కథలన్నీ ఒకచోటే ఆగిపోతాయి. తాళం వేసిన షెడ్డు దగ్గర. లోపల ఉందంటాడు ఒకడు, లేదంటాడు ఇంకొకడు, తలుపు మాత్రం ఎవరూ తెరవరు. ఆ కథలు బతికేదే ఆ తాళం మీద. మా షెడ్డుకు తలుపు ఉంది, తెరవడం మా చేతుల్లో ఉంది. అడ్డం ఉన్నది మేస్త్రీ ఒక్కడే.

ఆయన దగ్గరికి వెళ్ళి, అందరినీ లోపలికి పిలుద్దామన్నాను. తిడతాడనుకున్నాను. ఆయన అన్నం డబ్బా మూత పెట్టి, “నేను గదే యోచన చేస్తున్న” అన్నాడు. “ఊరందరి కన్ను పడ్డది దాని మీద. ఊరందరి చేత చెయ్యి పెట్టియ్యాలె. లేకుంటే అది నిలువది.”

“ఫోన్ల సూసినోళ్ళ సంగతేంది మరి?”

ఆయన కొంచెంసేపు నిజంగానే ఆలోచించాడు. “ఫోన్ల పడ్డ కన్నుకు గంత బలముండది. రోడ్డు మీద సూసినోళ్ళు వస్తె సాలు.”

సార్ ఇద్దరి మొహాలూ చూశాడు. నాది ఒక దారి, మేస్త్రీది ఒక దారి, రెండూ ఒకే గేటు దగ్గరికి వచ్చాయి. “సరే, పిలవండి” అన్నాడు.

పిలవడానికి నేనే వెళ్ళాను. ఆటోల అడ్డా దగ్గర ఆ డ్రైవరు టీ తాగుతున్నాడు. నన్ను చూడగానే పక్కవాళ్ళతో, “గో వచ్చిండు అమెరికా పెద్దమనిషి” అన్నాడు.

“రేపు పొద్దుగాల షెడ్డుకు రాండ్రి. పిల్లలున్నోళ్ళందరూ రాండ్రి. లోపలికే” అన్నాను.

“సూసి పోతానికా?”

“సూసుడు అయిపోయింది గదా. పూత ఎయ్యాలె. బ్రష్‌లు మేమే ఇస్తం.”

“మీ పని మేం జెయ్యాల్నా?”

“మా మేస్త్రీ మాట. కన్ను పడ్డోళ్ళు చెయ్యి పెట్టకుంటే మూత పగుల్తదంట. పగిలితే మా షెడ్డు మూస్తరు.”

ఆయన గ్లాసు కింద పెట్టాడు. మొదటిసారి నవ్వు వచ్చింది మొహం మీద. “అంటే గా దిష్టి ముచ్చట నిజమేనా?”

పొద్దున అనుకున్న దానికంటే ఎక్కువమందే వచ్చారు. మేస్త్రీ తన చేత్తోనే పరదాలు విప్పాడు. ఆ షెడ్డులో నేను పనిచేసిన కాలమంతటిలో బయటివాళ్ళ ముందు ఆయన పరదా విప్పడం అదొక్కసారే. డ్రైవరు ముందుగా వేళ్ళతో కొట్టి చూశాడు. తర్వాత వంగి, దిమ్మెల మధ్య నుంచి లోపలికి దూరాడు. లోపల ఆయన గొంతు డప్పులా మోగింది.

“ఏం లేదు. పెన్సిల్ గీతలున్నయ్.”

ఆ గొంతులో కొంచెం నిరాశ కూడా ఉంది. నాకు అర్థమైంది. ఎంతైనా నేనూ ఆ జాతివాణ్ణే.

పచ్చ రంగు పూతలో హార్డ్‌నర్ కలిపాం. ఒకసారి కలిపాక అది ఎవరి కోసమూ ఆగదు, గట్టిపడేలోగా పూసేయాలి. “జల్దీ, జల్దీ” అని మేస్త్రీ అరుస్తుంటే అనుమానాలకు టైమెక్కడిది? పట్టుచీర కొంగు బొడ్లో దోపుకున్న ఆమె ఒకవైపు, లుంగీ ఎగగట్టిన ఆయన ఒకవైపు, మా పనివాళ్ళు మధ్యలో. వాసనకు కళ్ళు మండుతుంటే ఒక అవ్వ బ్రష్ పట్టుకొని, “గీ గిన్నెకా ఇంత లొల్లి జేసిండ్రు? మా ఇంట్ల బియ్యం కడిగే గిన్నె గూడ గిట్లనే ఉంటది” అంది. ఆమె పూసిన చోట గీతలు గీతలుగా వచ్చింది. సరిచేయబోతే మేస్త్రీ నా చెయ్యి పట్టుకున్నాడు. “ఉండనియ్. సూసినోళ్ళ చెయ్యి కనబడాలె.”

పూత ఆరాక లారీ వచ్చింది. ఎక్కించడానికి మేము కూలీలను మాట్లాడుకున్నాం, వాళ్ళ అవసరమే పడలేదు. పూసినవాళ్ళే పట్టుకున్నారు. హాస్టల్ దాకా డ్రైవరు ఆటో ముందు, లారీ వెనక, హారన్ మోగిస్తూ పెళ్ళి ఊరేగింపులా పోయాం. గేటు దగ్గర సంచులు పట్టుకొని కూర్చున్న తల్లులకు, “నేను లోపల దూరి వచ్చిన, ఏం లేదు” అని ఆయనే చెప్పాడు. నా ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ మాటకు సరిపోవు.

గెలిచామనుకున్నాం. మూత ఇంకా లేవాలి కదా.

గుంతలో పేడ నీళ్ళు నింపి మూత దించాం. మూత పక్కన నీటి అంచు దగ్గర డ్రైవరు రంగుతో గీత గీశాడు. “మీ మీద నమ్మకం లేక కాదు. గీత మీద ఇంకింత ఎక్కువ” అన్నాడు. రోజులు గడిచాయి. గీత నీళ్ళను ఆనుకొనే ఉంది. అది చలికాలం. సార్ రోజూ వార్డెన్ మేడమ్‌కు ఫోన్ చేసేవాడు, ఆమె రోజూ లేదనే చెప్పేది. కట్టెల పొయ్యి దగ్గర దగ్గుతూ వండే వంటక్క, “ఇగ మీరు చెప్పిన గ్యాస్ వచ్చేసరికి నాకు పింఛను వస్తది” అనేది. ఆఫీసరు వచ్చి చూసి, పండగ దాకా ఆగుతానన్నాడు. సార్ అచ్చులు కొనేవాళ్ళెవరైనా ఉన్నారేమోనని కనుక్కోవడం మొదలుపెట్టాడు.

నేను గ్రంథాలయానికి పోయి వ్యవసాయం అలమారలో ఉన్న పుస్తకాలన్నీ దించాను. పేడలో గ్యాస్ పుట్టించేది కంటికి కనబడని జీవాలు. వాటికి వెచ్చదనం కావాలి. చలికి అవి మందగిస్తాయి. పేడను గోరువెచ్చటి నీళ్ళతో కలిపి పోయమని, మూత చుట్టూ వరిగడ్డి కప్పమని ఒక పాత పుస్తకంలో ఉంది. వచ్చి చెప్తే మేస్త్రీ పనివాళ్ళందరికీ వినబడేలా, “ఇన్నారా, పేడకు సలిపెడ్తున్నదంట. పటేలు దుప్పటి కప్పుతనంటుండు” అన్నాడు. అందరికంటే ముందు గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని బయల్దేరింది కూడా ఆయనే. ఆ రోజు నుంచి వంటక్క పొద్దున్నే ఒక గుండిగ నీళ్ళు వేడి చేసి పెట్టేది.

ఒక ఉదయం షెడ్డుకు ఆమె నుంచే ఫోన్ వచ్చింది. నేను ఎత్తాను.

“అన్నా, మీ గిన్నె కదిలింది. జర వచ్చి సూడు.”

చేతిలో బ్రష్‌లు ఎక్కడివక్కడ పడేసి అందరం సార్ కారులో, బండ్ల మీద పోయాం. డ్రైవరు మాకంటే ముందే వచ్చి గడ్డి తొలగించి మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. గీత నీళ్ళను వదిలి పైన ఉంది. ఆయన చెయ్యి చాచి, బొటనవేలు నీళ్ళ అంచుకు, చిటికెనవేలు గీతకు ఆనించి చూశాడు.

“జానెడు” అన్నాడు.

మేస్త్రీ మూత మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కాడు. అది కొంచెం కిందికి పోయి, చెయ్యి తీయగానే మళ్ళీ లేచింది. లోపల నిండుగా ఉంది. వంటక్క పొయ్యి తిప్పి అగ్గిపుల్ల గీసింది. నీలం మంట. పొగ లేదు. ఆమె దాని ముందు నిలబడి, ఊరికే, లోపలికి ఊపిరి పీల్చుకుంది. ఇంటర్వెల్‌లో పరుగెత్తుకొచ్చిన ఆడపిల్లలు ఎందుకు లేచిందని అడిగితే, గోడ పక్కన నిలబడి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఈసారి ఎవరూ నా మాటను సగంలో కోయలేదు. డ్రైవరు బిడ్డ రెండు ప్రశ్నలు అడిగింది, ఒకదానికి నాకు జవాబు తెలియదు, తెలుసుకొని చెప్తానన్నాను.

ఆఫీసరు మధ్యాహ్నం వచ్చాడు. మంట చూశాడు, మూత నొక్కి చూశాడు, సార్‌ను పక్కకు పిలిచి మాట్లాడాడు. సార్ తిరిగి వస్తూ మా అందరి వైపు చూసి తల ఊపాడు. మా మేస్త్రీ జీవితంలో మొదటిసారి బయటివాళ్ళ ముందు ఈల వేశాడు.

అప్పటికే డ్రైవరు ఎవరికో ఫోన్ కలుపుతున్నాడు. ఆ వీడియో పెట్టిన చానెల్ కుర్రవాడికి. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు.

“తమ్మీ, శామీర్‌పేట హాస్టల్ కాడికి రా. నువ్వు చెప్పిన వాహనం ఇయ్యాల పైకి లేసింది.”

అటు నుంచి ఆదరాబాదరా గొంతు. “నిజమా అన్నా? నువ్వు సూసినవా? ఎంత ఎత్తు లేసింది?”

“నా కండ్లతోటి సూసిన. జానెడు లేసింది.”

“జానెడా? దేనితోటి నడుస్తదన్నా అది?”

డ్రైవరు మా వైపు చూసి, గొంతు తగ్గించి, సర్కారు రహస్యం చెబుతున్నట్టు చెప్పాడు.

“బర్రె పేడ.”

మరునాడు పొద్దున్నే షెడ్డు తలుపులు బార్లా తీసి, రెండో మూత కోసం అచ్చుకు మైనం రుద్దాం.